బీరువాలో గ్రీన్‌కార్డు: గడువు తీరితే పోయేదేమిటి, పోనిదేమిటి

మా పెద్దమ్మ అమెరికా గ్రీన్‌కార్డు పాలకొల్లు ఇంట్లో బీరువా లాకరులో ఉంటుంది. పొలం పాసుపుస్తకాలు, బ్యాంకు డిపాజిట్ కాగితాలు పెట్టుకునే రెక్సిన్ సంచిలోనే దానికీ చోటు. సంక్రాంతికి ఊరు రాగానే సంచిలోకి వెళ్లిన కార్డు, తిరుగు ప్రయాణానికి వారం ఉందనగా బయటికి వస్తుంది. ఈ ఏడాది ఏప్రిల్‌లో అలా తీసి చూస్తే, దాని మీది గడువు నెలన్నర కిందటే దాటిపోయింది. 2016లో ఇచ్చిన కార్డు, పదేళ్లు నిండాయి.

ఇల్లంతా కంగారు. “అయితే ఇక నేను వెళ్లలేనా?” అని పెద్దమ్మ. మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలేమోనని పక్కింటాయన. పాలు పోయడానికి వచ్చిన ఆవిడ కువైట్‌లో చాలా ఏళ్లు ఇంటిపని చేసి వచ్చిన మనిషి. “అకామా అయిపోతే అంతేనండి, ఇంక ఆ దేశంలో మనకు చోటు లేనట్టే” అని తేల్చేసింది.

ఆవిడ చెప్పింది కువైట్ విషయంలో నిజమే. కోనసీమలో, నరసాపురం పరిసరాల్లో ఎన్నో కుటుంబాలకు విదేశీ కాగితాలతో తొలి పరిచయం గల్ఫ్ ద్వారానే జరిగింది. అక్కడ యజమాని, ఉద్యోగం, ఉండే అనుమతి (అకామా) మూడూ ఒకే ముడి. అనుమతి గడువు తీరితే ఉండే హక్కూ తీరిపోతుంది. ఆ అనుభవంతోనే మన వాళ్లు గ్రీన్‌కార్డునూ చూస్తారు. కానీ ఈ కార్డు నడక వేరు. దీని మీద అచ్చువేసిన గడువు చాలామంది భయపడేంత ప్రమాదకరమైనది కాదు. అసలు ప్రమాదం దీని మీద ఎక్కడా అచ్చువేయని గడువులతోనే.

పాసుపుస్తకానికి చెదలు పడితే చేను పోదు

ముందు రెండు మాటలు విడదీసి చూడాలి. శాశ్వత నివాస హోదా అనేది హక్కు. గ్రీన్‌కార్డు ఆ హక్కుకు రుజువు. పాసుపుస్తకానికి చెదలు పట్టినంత మాత్రాన చేను పోదు. పంట రుణం కోసం బ్యాంకుకు వెళ్లినప్పుడు మాత్రం పుస్తకం లేదని తిప్పలు పడతాం. కార్డు గడువు తీరినప్పుడు జరిగేదీ అదే. హోదా చెక్కుచెదరదు, దాన్ని చూపించుకోవడమే కష్టమవుతుంది.

పెద్దమ్మ కార్డును దగ్గరగా చూస్తే దాని మీద రెండు తేదీలు కనిపిస్తాయి. ఒకటి ఎప్పటి నుంచి నివాసి అన్నది, రెండోది కార్డు ఎప్పుడు ముగుస్తుందన్నది. మొదటి తేదీకి ముగింపు రాసి లేదు. పక్కనే ఐఆర్5 అనే సంకేతం ఉంటుంది. అమెరికా పౌరసత్వం ఉన్న కొడుకో కూతురో తల్లినో తండ్రినో పిలిపించుకుంటే ఇచ్చే వర్గం అది. మన గోదావరి డెల్టా పెద్దవాళ్ల కార్డుల్లో ఎక్కువగా కనిపించే సంకేతం కూడా అదే.

ఇక్కడొక మినహాయింపు ఉంది, దాన్ని కలగలపకూడదు. పెళ్లయిన కొత్తలో భర్త ద్వారానో భార్య ద్వారానో వచ్చే కార్డు కొన్నిసార్లు రెండేళ్లకే ఇస్తారు. దాన్ని షరతులతో కూడిన నివాసం అంటారు. రెండేళ్లు నిండడానికి ముందు 90 రోజుల్లోపు ఐ-751 అనే దరఖాస్తు పెట్టకపోతే పోయేది కార్డు ఒక్కటే కాదు, హోదాకే ముప్పు. “గడువు తీరినా ఏమీ కాదట” అని పదేళ్ల కార్డున్న అత్తగారు చెప్పిన మాటను రెండేళ్ల కార్డున్న కోడలు నమ్మి కూర్చుంటే అనర్థమే. ఇక మీదట చెప్పేదంతా పదేళ్ల కార్డు గురించి.

పాసుపుస్తకం పోలిక ఇంకొంచెం దూరం కూడా వస్తుంది. మన దేశంలో 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, సొంతదారు పట్టించుకోని పొలాన్ని వేరొకరు బహిరంగంగా, తనదే అన్నట్టు 12 ఏళ్లు అనుభవిస్తే సొంతదారు హక్కుకే ఎసరు రావచ్చు. పుస్తకం భద్రంగా ఉన్నా చేను చేజారవచ్చన్నమాట. అమెరికా హోదా విషయంలోనూ ఇలాంటి ‘వదిలేయడం’ ఒకటి ఉంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఆలస్యం ఎక్కడ పుడుతుంది

పదేళ్ల కార్డును కొత్తది చేసుకోవడానికి పెట్టే దరఖాస్తు ఐ-90. గడువుకు ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 2024 ఏప్రిల్‌లో సవరించిన రుసుముల ప్రకారం ఆన్‌లైన్‌లో 415 డాలర్లు, కాగితం మీద అయితే 465. అర్హతను కొత్తగా తేల్చేదేమీ పెద్దగా లేదు, ఫొటో, వేలిముద్రలు, నేర చరిత్ర తనిఖీ, కార్డు ముద్రణ. చూడటానికి నెలలో తేలాల్సిన పని.

ఎంత కాలం పడుతోందో తెలుసుకోవడానికి ఆ దేశపు వలస సేవల సంస్థ ఇచ్చే రసీదును చూస్తే చాలు. దరఖాస్తు అందగానే పంపే ఆ రసీదుకు, పాత కార్డు చెల్లుబాటును పొడిగించే శక్తి ఉంది. ఒకప్పుడు ఆ పొడిగింపు 12 నెలలు. 2022 సెప్టెంబరులో దాన్ని 24 నెలలు చేశారు. 2024 సెప్టెంబరు 10 నుంచి 36 నెలలు. కార్డు ఇవ్వడం వేగం కాలేదు, రసీదు బలం పెంచారు. ఆలస్యాన్ని ఆ సంస్థ ఒప్పుకున్న తీరు అది అనుకోవచ్చు. మూడేళ్లు అక్కర్లేకుండా కొన్ని నెలల్లోనే కార్డు చేతికి వచ్చేవారూ ఉన్నారు. ఎవరిది ఎప్పుడు వస్తుందన్నది మాత్రం ముందుగా చెప్పలేని సంగతి.

విదేశంలో ఉన్నవారికి ఈ ఆలస్యం రెండింతలు బరువు. వేలిముద్రల కోసం పిలుపు వస్తే అమెరికాలోని కేంద్రానికే వెళ్లాలి. పాత వేలిముద్రలనే మళ్లీ వాడుకున్న సందర్భాలు ఉన్నాయి కానీ అది వాళ్ల ఇష్టం. పిలుపు లేఖ డాలస్‌లోని కొడుకు ఇంటికి వెళ్తుంది, మనిషి పాలకొల్లులో ఉంటుంది. ఆ తేదీకి ముందే వాయిదా అడగకుండా ఊరుకుంటే దరఖాస్తును వదిలేసినట్టు లెక్కగట్టి మూసేయవచ్చు. ఇక్కడ వదిలేసినట్టు లెక్కపడేది దరఖాస్తు, హోదా కాదు. ఈ రెండింటికీ ఒకే మాట వాడటం వల్ల ఆ లేఖ చదివిన కుటుంబాలు బెంబేలెత్తిపోతుంటాయి.

కొత్త కార్డు కూడా అమెరికా చిరునామాకే వస్తుంది. దాన్ని పాలకొల్లు తెచ్చుకోవడం కుటుంబం తంటా. వచ్చే నెల ఊరికి వస్తున్న బంధువు ఎవరో చూసుకుని వాళ్ల చేతికి ఇచ్చి పంపడం మన వాళ్లు ఎక్కువగా చేసే పని.

విమానం ఎక్కించేవారి చూపు వేరు

ఐ-90 పెట్టి, రసీదు చేతిలో పట్టుకుని వచ్చినవారికి తిరుగు ప్రయాణం పెద్ద సమస్య కాదు. పాత కార్డు, పొడిగింపు రసీదు రెండూ కలిపి చూపితే చెల్లుతుంది. మా పెద్దమ్మ అలా పెట్టుకోలేదు. జనవరిలో బయల్దేరేటప్పుడు దరఖాస్తు పెట్టుకునే వీలు ఉంది, ఆమె కొడుకు, మా అన్నయ్య మరిచిపోయాడు.

అలాంటి వారి గురించి అమెరికా అధికారుల సూచన ఒకటి ఉంది. పదేళ్ల గడువుతో ఇచ్చిన కార్డు కాలం చెల్లినా, దానితో విమానం ఎక్కడానికి విడిగా ప్రయాణ పత్రం అక్కర్లేదు. కార్డు పోగొట్టుకున్నవారి పరిస్థితి అలా కాదు. వారు ఐ-131ఏ అనే దరఖాస్తు పెట్టి, 575 డాలర్లు కట్టి, కాన్సులేట్‌కు స్వయంగా వెళ్లి ఒక్కసారి ప్రయాణానికి అనుమతి ముద్ర వేయించుకోవాలి. బీరువాలో కాలం చెల్లిన కార్డు ఉన్నవారు, కార్డే లేనివారికన్నా మెరుగన్నమాట.

సూచన కాగితం మీద స్పష్టంగానే ఉంది. శంషాబాద్ కౌంటరు దగ్గర అంత స్పష్టంగా ఉండదు. సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ని తీసుకెళ్తే విమాన సంస్థకు అమెరికా జరిమానా వేస్తుంది. అందుకే కౌంటరులోని కుర్రవాడికి హోదా, రుజువు అనే తేడాతో పని లేదు. అతను తేదీ చూస్తాడు. తేదీ దాటితే కంప్యూటర్ చూస్తాడు, తర్వాత పైవాళ్లకు ఫోను చేస్తాడు. అతని తప్పేమీ లేదు, కానీ చక్రాల కుర్చీలో కూర్చున్న 70 ఏళ్ల మనిషికి ఆ ఫోను నడిచినంత సేపూ గుండె దడే.

పెద్దమ్మకు ఆ ఫోను ముప్పావుగంట నడిచింది. అన్నయ్య అమెరికా అధికారుల సూచన పేజీని ముద్రించి, విమాన సంస్థకు వారం ముందే రాసి, వాళ్లు ఇచ్చిన జవాబును కూడా జత చేసి పంపాడు. చివరికి ఆ జవాబు కాగితమే పని చేసింది. దారి కూడా ఆలోచించే ఎంచుకున్నాడు. లండన్ మీదుగా వెళ్లే భారతీయులకు ట్రాన్సిట్ వీసా నుంచి మినహాయింపు ఉండాలంటే గ్రీన్‌కార్డు చెల్లుబాటులో ఉండాలి, లేదా పొడిగింపు రసీదు ఉండాలి. కాలం చెల్లిన కార్డు అమెరికాకు సరిపోయినా మధ్యలో దిగే దేశానికి సరిపోకపోవచ్చు. ఈ సంగతి చాలామందికి టికెట్ కొన్నాకే తెలుస్తుంది.

అవతల దిగాక అధికారి కార్డు చూసి నాలుగు ప్రశ్నలు వేసి, వెంటనే ఐ-90 పెట్టుకోమని చెప్పి పంపాడు. పత్రం సరిగా లేదని రుసుము కట్టించుకుని మినహాయింపు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అధికారి విచక్షణ అది.

కార్డు మీద లేని గడువులు

ఇప్పుడు అసలు లెక్క. డెల్టా క్యాలెండరుతోనే వేసి చూద్దాం.

ఒక పెద్దాయన సంక్రాంతికని జనవరి 10న దిగాడనుకుందాం. దాళ్వా నూర్పిళ్లు చూసుకుని ఏప్రిల్ నెలాఖరుకు వెళ్తే 110 రోజులు. ఏ ఇబ్బందీ లేదు. సార్వా నాట్లకు కాలువ నీళ్లు వదిలే దాకా ఉండి జూన్ చివర వెళ్లినా 171 రోజులే. కానీ శ్రావణంలో మనవరాలి పెళ్లి ఉంది, చూసే పోదామనుకున్నాడు. జులై 9తో 180 రోజులు నిండిపోతాయి.

180 రోజులు ఏకధాటిగా దాటితే చట్టం చూపు మారుతుంది. అంతవరకు సాధారణంగా అతణ్ని ఇంటికి తిరిగి వచ్చిన మనిషిగా చూస్తారు. ఆ తర్వాత కొత్తగా ప్రవేశం అడుగుతున్న మనిషిగా చూడవచ్చు. అంటే ప్రశ్నలు పెరుగుతాయి. పౌరసత్వం కోసం లెక్కపెట్టే అయిదేళ్ల నిరంతర నివాసమూ ఆరు నెలలు దాటిన ప్రయాణంతో తెగిపోయిందని మొదట అనుకుంటారు. కాదని చూపించుకోవలసింది మనమే.

రెండో గీత ఏడాది. పెద్దాయన పెళ్లి చూశాడు, దసరాకు జారిపడి తుంటి ఎముక విరిగింది, శస్త్రచికిత్స అయింది, కోలుకునేసరికి మళ్లీ సంక్రాంతి దాటింది. ఏడాది దాటాక కార్డు మీద ఇంకా ఏడేళ్ల గడువు మిగిలి ఉన్నా అది ప్రవేశ పత్రంగా పనికి రాదు. పెద్దమ్మ కార్డుకు గడువు తీరింది, దారి ఉంది. ఈయన కార్డుకు గడువు ఉంది, దారి మూసుకుంది. ఈ రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే విషయం బోధపడుతుంది.

ఏడాది దాటుతుందని ముందే తెలిసినవారికి రీఎంట్రీ పర్మిట్ అని ఒకటుంది. రెండేళ్ల వరకు చెల్లుతుంది. కానీ దరఖాస్తు పెట్టే రోజున మనిషి అమెరికా గడ్డ మీద ఉండాలి. పాలకొల్లు నుంచి పెట్టడం కుదరదు. పర్మిట్‌ను మాత్రం కాన్సులేట్‌లో తీసుకునే ఏర్పాటు ఉంది. దీనికీ ఆలస్యాలు ఉన్నాయి, వేలిముద్రల పిలుపూ ఉంటుంది. నివాసి అయ్యాక గడిచిన అయిదేళ్లలో నాలుగేళ్లకు మించి బయటే ఉంటే రెండేళ్లకు బదులు సాధారణంగా ఒక్క ఏడాదికే ఇస్తారు.

తెలియకుండా ఏడాది దాటిపోయినవారికి మిగిలేది తిరిగివచ్చే నివాసి వీసా, ఎస్‌బీ-1. బయల్దేరినప్పుడు తిరిగి వెళ్లే ఉద్దేశం ఉందని, ఇన్నాళ్లు ఆగిపోవడానికి కారణం తన చేతిలో లేనిదని కాన్సులేట్ అధికారిని ఒప్పించాలి. తుంటి ఎముక విరిగిన పెద్దాయనకు ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, రద్దు చేసుకున్న టికెట్ బలం. శ్రావణంలో పెళ్లి బలం కాదు, అది తన ఎంపిక. ఆయన విషయంలో చిక్కంతా అక్కడే ఉంది. పెళ్లికి ఆగకపోయి ఉంటే పడేది డాలస్‌లోనే కదా అని అధికారి అనుకోవచ్చు. దీనికి ఎదురు కోవిడ్ కాలం. 2020 మార్చిలో మన దేశం అంతర్జాతీయ విమానాలను ఆపేసింది, 2022 మార్చి 27 వరకు మామూలు షెడ్యూలు సర్వీసులు మొదలవలేదు. ఆ రోజుల్లో చిక్కుకున్నవారికి కారణం వెతుక్కునే పని తక్కువ. అయితే ప్రత్యేక విమానాలు నడుస్తున్నా ఎందుకు ఎక్కలేదన్న ప్రశ్న వాళ్లకూ ఎదురైంది.

ఏటా ఒకసారి వెళ్లి వస్తే చాలదా?

మన వైపు బాగా పాకిన నమ్మకం ఒకటుంది. ఆరు నెలలకోసారి అమెరికా నేల తొక్కి వస్తే హోదా పదిలం అని. ఇది సగం నిజం, ఆ సగం నిజమే చాలామందిని ముంచుతోంది.

1975లో అమెరికా వలస అప్పీళ్ల బోర్డు తేల్చిన కేన్ కేసు ఈ సందర్భంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. జమైకాకు చెందిన ఒక మహిళ ఏడాదిలో దాదాపు 11 నెలలు స్వదేశంలో లాడ్జి నడుపుకుంటూ, ఏటా కొద్ది రోజులు అమెరికా వెళ్లి వచ్చేది. ఆమె ఎప్పుడూ ఏడాది గీత దాటలేదు. అయినా హోదాను వదులుకున్నట్టే అని బోర్డు తేల్చింది. లాడ్జి స్థానంలో కొబ్బరితోటను, జమైకా స్థానంలో రాజోలును పెట్టి చూస్తే ఆ కథ మనకెంత దగ్గరో తెలుస్తుంది. రోజుల లెక్క ఒక్కటే చూడరు. ఎందుకు వెళ్లారు, తిరిగి రావడానికి ఒక తేదీ అనుకుని వెళ్లారా, ఇల్లు ఎక్కడుంది, బతుకుతెరువు ఎక్కడుంది, పన్ను లెక్కలు ఎలా వేశారు అన్నీ చూస్తారు.

దీని మీద రెండు వాదనలు ఉన్నాయి, రెండింటికీ బలం ఉంది. ఒకటి, శాశ్వత నివాసం అంటే అక్కడ నివసించడమే. ఏటా మూడు నెలలు మనవల దగ్గర గడిపి రావడానికి సందర్శక వీసా ఉంది కదా, నివాస హోదా ఎందుకు అన్నది. అధికారులే కాదు, కుటుంబాల మేలు కోరే కొందరు వలస న్యాయవాదులూ ఇదే చెబుతారు. రెండోది, వృద్ధుల జీవితం అంత సూటిగా ఉండదు. ఇక్కడ కౌలుదారుతో తేల్చుకోవలసిన లెక్క, అక్కడ కోడలి కాన్పు, ఇక్కడ మంచాన పడ్డ తోబుట్టువు. పైగా కార్డు ఆలస్యం చేసేది ఆఫీసు, ఆ ఆలస్యంలో ఇరుక్కున్న మనిషినే నువ్వెందుకు ఇక్కడ లేవని అడగడం న్యాయం కాదన్నది. నాకు రెండో వాదన మనసుకు దగ్గర. కాకపోతే కార్డు ఆలస్యం అన్నది ఏడాది పొడవునా ఊళ్లో ఉండిపోవడానికి కారణంగా నిలబడదు. రసీదుతో ప్రయాణం చేయవచ్చు కాబట్టి.

2025 మార్చిలో ఈ చర్చ మన పత్రికల దాకా వచ్చింది. చలికాలమంతా భారతదేశంలో గడిపి తిరిగి వెళ్లిన వృద్ధులను విమానాశ్రయాల్లో నిలదీసి, ఐ-407 మీద సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తున్నారని అమెరికాలోని వలస న్యాయవాదులు చెప్పినట్టు వార్తలు వచ్చాయి. ఐ-407 అంటే నా హోదాను నా ఇష్టంతో వదులుకుంటున్నానని రాసిచ్చే పత్రం. ఆ ఇష్టంతో అన్న మాటలోనే దాని ప్రాణం ఉంది. సంతకం పెట్టకపోతే విషయం వలస న్యాయమూర్తి ముందుకు వెళ్తుంది. అక్కడ హోదాను వదులుకున్నారని గట్టి ఆధారాలతో రుజువు చేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. పద్దెనిమిది గంటల ప్రయాణం చేసి, భాష సరిగా రాక, కొడుకు బయట ఎదురుచూస్తుంటే కంగారుపడుతున్న మనిషికి ఈ సంగతి గుర్తుండదు. సంతకం పెడితే వదిలేస్తారట అన్నదే వినిపిస్తుంది.

హోదా పోలేదంటే పన్నూ పోలేదు

కార్డు తీరినా హోదా ఉంటుందన్న మాట వినడానికి తియ్యగా ఉంటుంది. దానికి రెండో వైపు ఉంది. కార్డు గడువు తీరిపోయింది, ఇక అమెరికాతో మనకేం సంబంధం అనుకుని ఊళ్లో స్థిరపడిపోయినవారు డెల్టాలో చాలామంది కనిపిస్తారు. అక్కడి ఆదాయపన్ను విభాగం అలా అనుకోదు. ఐ-407 ఇచ్చో, న్యాయమూర్తి తీర్పుతోనో, అలాంటి మరో లాంఛనంతోనో హోదా ముగిసేదాకా ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా చూపించాల్సిన నివాసిగానే లెక్కిస్తుంది.

మన చేలు దీన్ని మరింత చిక్కు చేస్తాయి. వ్యవసాయ ఆదాయం మీద మన కేంద్రం ఆదాయపన్ను వేయదు. అందుకని నాలుగెకరాల కౌలును ఎవరూ లెక్కలో రాయరు. అమెరికా చట్టానికి ఆ మినహాయింపుతో పని లేదు, కౌలు కూడా ఆదాయమే. ఇక్కడి బ్యాంకు ఖాతాలు, డిపాజిట్లు అన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలు విడిగా తెలియజేయాలి. గడిచిన 15 ఏళ్లలో 8 ఏళ్లు గ్రీన్‌కార్డు ఉన్నవారు దాన్ని వదులుకునేటప్పుడు ఇంకో పన్ను లెక్క ఎదురవుతుంది, ఆస్తి పెద్దదైతే అది బరువుగానే ఉంటుంది. పన్ను తగ్గుతుందని ఎవరో చెప్పగా నివాసేతరుడిగా రిటర్ను వేసినవారూ ఉన్నారు. ఆ కాగితమే రేపు హోదాను వదిలేశారనడానికి సాక్ష్యం కావచ్చు.

కెనడాలో లెక్క తిరగబడుతుంది

భీమవరం వైపు యువ దంపతులు ఎక్కువగా ఎదుర్కొంటున్నది కెనడా చిక్కు. అక్కడా సూత్రం ఒకటే. అయిదేళ్ల కార్డు గడువు తీరినా హోదా పోదు. తేడా రెండు చోట్ల ఉంది.

మొదటిది, అక్కడి నివాస బాధ్యతకు అంకె ఉంది. ఏ అయిదేళ్లు తీసుకున్నా 730 రోజులు కెనడాలో ఉండాలి. ఉద్దేశాలు, ఊహలు తర్వాత. 2022 జూన్ 1న దిగిన జంట 400 రోజులు అక్కడ ఉండి, తండ్రి రొయ్యల చెరువులు చూసుకోవడానికి భీమవరం వచ్చేశారనుకుందాం. మొదటి అయిదేళ్లు 2027 మే 31తో ముగుస్తాయి. ఇంకా 330 రోజులు కావాలి. వెనక్కి లెక్కపెడితే 2026 జులై మొదటి వారానికల్లా కెనడాలో ఉండాలి. రొయ్యలు అమ్మకానికి తగ్గ సైజుకు పెరిగాకే చెరువు పట్టాలని ఆగస్టు దాకా ఆగితే ఆ అంకె ఇక కుదరదు. పౌరసత్వం ఉన్న భార్యతోనో భర్తతోనో కలిసి విదేశంలో గడిపిన రోజులూ, కొన్ని షరతులతో కెనడా సంస్థ పంపగా చేసిన ఉద్యోగపు రోజులూ లెక్కలోకి వస్తాయి. చెరువులు రావు.

రెండో తేడా ప్రయాణంలో ఉంది. చెల్లుబాటులో ఉన్న కార్డు లేకుండా కెనడా విమానం ఎక్కనివ్వరు. కార్డు కొత్తది చేయించుకోవాలంటే కెనడాలో ఉండి దరఖాస్తు పెట్టాలి, దాన్ని పరాయి దేశపు చిరునామాకు పంపరు. అమెరికా రసీదులా పాత కార్డుకు ప్రాణం పోసే కాగితం అక్కడ లేదు. బయట చిక్కుకున్నవారు 50 కెనడా డాలర్లు కట్టి శాశ్వత నివాసి ప్రయాణ పత్రం అడగాలి. ఆ దరఖాస్తులోనే 730 రోజుల పరీక్షా జరిగిపోతుంది. రోజులు చాలకపోతే, తల్లిదండ్రుల అనారోగ్యం వంటి మానవీయ కారణాలు చూపవచ్చు. కాదంటే 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అమెరికా వీసా ఉన్నవారు సియాటిల్ దాకా విమానంలో వెళ్లి అక్కడి నుంచి కారులో సరిహద్దు దాటడం కూడా ఉంది. శాశ్వత నివాసిని సరిహద్దులో వెనక్కి పంపరు కాబట్టి అది చట్టబద్ధమే. రోజులు తక్కువైతే అధికారి అక్కడే నివేదిక రాయవచ్చు, అది వేరే సంగతి.

బ్రిటన్‌లో ఈ గొడవ మరో రూపం తీసుకుంది. అక్కడి నివాస కార్డులను 2024 చివరితో ఆపేసి ఈ-వీసాలోకి మార్చారు. కార్డు తీరిన బెంగ పోయి ఆన్‌లైన్ ఖాతా తెరుచుకోని బెంగ వచ్చింది. రెండేళ్లు ఏకధాటిగా బయట ఉంటే మాత్రం అక్కడి స్థిరనివాస హక్కే రద్దవుతుంది. ఆస్ట్రేలియాలో హోదాకు గడువు లేదు కానీ దానితో వచ్చే ప్రయాణ సౌకర్యం అయిదేళ్లే. ఆ తర్వాత తిరిగి రావడానికి వేరే వీసా తీసుకోవాలి.

ఉంచుకోవడమా, తిరిగి ఇచ్చేయడమా

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న వాదన ఇది. పెద్దమ్మ ఏడాదిలో సగం ఇక్కడే ఉంటుంది, ఇంకా ఎక్కువ ఉండాలని ఉంది. అన్నయ్య మూడు దారులు ముందు పెట్టాడు.

మొదటిది గ్రీన్‌కార్డు ఇలాగే కొనసాగించడం. 65 దాటి, అయిదేళ్లు వరుసగా నివాసం ఉన్నవారు రుసుము కట్టి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో చేరవచ్చు. అక్కడి ఆసుపత్రి ఖర్చులు తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదు. దానికి ధర, ఏటా రోజులు లెక్కపెట్టుకుంటూ బతకడం. రెండోది ఐ-407 ఇచ్చేసి సందర్శక వీసా తీసుకోవడం. సాధారణంగా ఒక్కో విడతకు ఆరు నెలల వరకు ఉండనిస్తారు, నివసించలేదేమని అడిగేవారు ఉండరు. ప్రయాణ బీమాయే దిక్కు, వీసా ఇస్తారన్న హామీ లేదు. మళ్లీ కావాలంటే పౌరుడైన కొడుకు తల్లి కోసం కొత్తగా దరఖాస్తు పెట్టవచ్చు. తల్లిదండ్రుల వర్గానికి ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు కాబట్టి వరుసలో దశాబ్దాలు నిలబడే పని ఉండదు.

మూడోది పౌరసత్వం. అప్పుడు ఎన్నాళ్లు ఎక్కడున్నా హోదా బెంగ లేదు. ఆ మాటకు పెద్దమ్మ మొదట అడిగింది పొలం గురించి. భారత పౌరసత్వం పోతే ఓసీఐ కార్డు వస్తుంది, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు. ఓసీఐ ఉన్నవారు ఇక్కడ కొత్తగా వ్యవసాయ భూమి కొనలేరు, ఉన్నది ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చేది తీసుకోవచ్చు. పైగా అయిదేళ్లలో సగం రోజులు, అంటే 30 నెలలు అక్కడ ఉన్నట్టు చూపాలి. పరీక్ష ఇంగ్లీషులో. 50 దాటి 20 ఏళ్లో, 55 దాటి 15 ఏళ్లో నివాసం ఉన్నవారికి వయసును బట్టి భాష మినహాయింపు ఉంది. పదేళ్ల పెద్దమ్మకు అది ఇంకా రాలేదు.

ఐ-90 రసీదు మాత్రం వచ్చింది. 36 నెలల పొడిగింపు. అన్నయ్య దాన్ని పాత కార్డుకు రబ్బరు బ్యాండుతో చుట్టి పెట్టాడు. మిగతా సంగతి ఏం చేద్దామని ఫోనులో అడిగితే, సార్వా కోతలకు ఎలాగూ వస్తాను కదా, అప్పుడు చూద్దాంలే అంది పెద్దమ్మ. ఈసారి తిరుగు టికెట్ కూడా కొన్నాకే బయల్దేరతానని షరతు పెట్టింది.